బస్టాండు చౌరస్తాలో కెమిస్ట్రీ

ఆ రోజు పొద్దున్నే సుజన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చదువుకునే టేబుల్ ఎదురుగా గోడకు ఒక కాగితం అంటించాలి. దాన్ని చూసుకుంటూ నాలుగింటి దాకా కెమిస్ట్రీ చదవాలి. నాలుగింటికి ఫోన్‌లో నీట్ కెమిస్ట్రీ నమూనా పరీక్ష రాయాలి. ఈ ప్లానులో ఎక్కడా ట్రాక్టరు లేదు, డీజే లేదు, ఆర్టీసీ బస్సు అసలే లేదు.

సుజన వాళ్లది బాన్సువాడ. నీట్ ఒకసారి రాసింది, సీటు రాలేదు. బయాలజీ ఆ పిల్లకు మంచినీళ్లు తాగినంత పని. ఫిజిక్స్ ఫర్వాలేదు. కెమిస్ట్రీ దగ్గరికొచ్చేసరికి మాత్రం నూట ఎనభైకి నలభై ఒకటి. ఆ పుస్తకం తెరిస్తే చాలు, పదో నిమిషానికి దాహం, పదిహేనో నిమిషానికి పెన్ను మూత కోసం వెతుకులాట, ఇరవయ్యో నిమిషానికి నిద్ర. పాపం, చెయ్యని ప్రయత్నం లేదు. నాలుగు రంగుల్లో టైంటేబుల్ వేసింది, రంగులు వెయ్యడానికే మూడు రోజులు పట్టింది. ఫోన్‌ను అమ్మ చేత బియ్యం డ్రమ్ములో దాయించింది, పాఠాలు కూడా ఆ ఫోన్‌లోనే ఉన్నాయని మధ్యాహ్నానికి గుర్తొచ్చింది. చదువు మీద మనసు నిలుపుకోవడం ఎలా అని చెప్పే వీడియోలు రోజుకు రెండున్నర గంటలు చూసేది. ఆ విషయంలో ఆమె శ్రద్ధకు వంక పెట్టడానికి లేదు.

వాళ్ల నాన్న పండరికి నిజాంసాగర్ కాలువ కింద నాలుగెకరాల వరి ఉంది. ఓపిక మాత్రం నాలుగు గుంటలు కూడా మిగల్లేదు. ఆ పొద్దున చాయ్ తాగుతూ తేల్చి చెప్పేశాడు.

"ఇగ చూడు బిడ్డ. డిగ్రీల చేరనీకె రేపే ఆఖరు తారీఖు. ఇయ్యాల గా పరీక్షల వంద మార్కులొస్తె ఇంకో ఏడు ఇంట్ల కూసొని చదువుకో, నేను నోరు తెర్వ. రాకుంటె రేపు పొద్దుగాల డిగ్రీ కాలేజీకి పోదాం. గంతే."

"నలభై వచ్చిన పిల్లను వంద అడుగుతవ్, ఇదేం ఇన్సాఫ్?" అంది అరుణమ్మ, కప్పులోకి ఇంకాస్త చాయ్ పోస్తూ.

"పది నిమిషాలు ఒక్కకాడ కూసుంటలేదు. గిట్లయితె డాక్టరెట్లయితదే?" అని పండరి పార భుజాన వేసుకుని పొలానికి వెళ్లిపోయాడు.

సుజనకు ఏడుపొచ్చింది. నాన్న అన్నందుకు కాదు, ఆ మాట నిజమైనందుకు. ఆమెకు డాక్టరు కావాలని నిజంగానే ఉంది, పీకల దాకా ఉంది. కూర్చోవడమే చేతకావడం లేదు. కళ్లు తుడుచుకుని ముందురోజు చూసిన వీడియో గుర్తు చేసుకుంది. గమ్యం ఇప్పటికే చేరినట్టు కాగితం మీద రాసి కళ్ల ముందు పెట్టుకోవాలట. వెంటనే గోపాల్ బావకు వాట్సాప్‌లో తన ఫోటో పంపి, కింద "డాక్టర్ సుజన, ఎంబీబీఎస్ అని మంచిగ ప్రింట్ కొట్టియ్యి బావా, జల్ది కావాలె" అని రాసింది. మనసు కుదుటపడింది. పుస్తకం తెరిచింది.

గోపాల్ ఆమె మేనత్త కొడుకు. బస్టాండు దగ్గర ఫ్లెక్సీల షాపు పెట్టాడు. అతని షాపులో కాగితాలు ప్రింట్ చేసే మిషను కూడా ఒకటి ఉంది గానీ దాని మీద ఎప్పుడూ టిఫిన్ డబ్బా పెట్టి ఉంటుంది. ఎనిమిదేళ్లలో అతను పుట్టినరోజులకు కొట్టాడు, ప్రమోషన్లకు కొట్టాడు, కొత్త బోరులో నీళ్లు పడినందుకు కూడా కొట్టాడు. జరగని దానికి మాత్రం ఎవరూ కొట్టించలేదు. పైగా మొన్ననే మెడికల్ సీట్ల జాబితాలు వచ్చాయి. మెసేజ్ చూసి గోపాల్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మన ఇంటి పిల్లకు సీటొస్తే చిన్నది కొడతామా? పదడుగులకు ఎనిమిదడుగులు!

ఫ్లెక్సీకి ఒక పద్ధతి ఉంటుంది కదా. పైన పెద్దగా ఘనత సాధించిన మనిషి, కింద వరుసగా శుభాకాంక్షలు చెప్పే బంధువుల ఫోటోలు. ఫోటో పెట్టాలంటే మంచి ఫోటో కావాలి. మంచి ఫోటో కావాలంటే ఫోన్ చెయ్యాలి. గోపాల్ ఇరవై రెండు ఫోన్లు చేశాడు. పండరి మామ, అత్తల పెళ్లి ఫోటో తన దగ్గరే ఉందని ఆ ఇంటికి ఒక్కదానికే చెయ్యలేదు. పదిన్నరకల్లా డాక్టర్ సుజన మెడలో స్టెతస్కోపుతో బస్టాండు చౌరస్తాలో నవ్వుతూ నిలబడింది. స్టెతస్కోపు గోపాల్ సొంత కానుక.

ఇంట్లో సుజన ఇరవయ్యో పేజీలో ఉంది. అదే ఆమె రికార్డు. అప్పుడు తలుపు చప్పుడైంది. చూస్తే తండా నుంచి కూరగాయలు తెచ్చి అమ్మే మోతీబాయి, గంప పక్కన పెట్టి గడప మీద కూర్చుని కుడి మోకాలు చాపింది.

"డాక్టరమ్మా, గీ మోకాలు జర చూడు. మెట్లెక్కుతె కటకట అంటుంది."

"నేను డాక్టర్ను కాదు మోతీబాయి. నాకు సీటే రాలే."

"సీటు రాకుంటే ఏమైంది, మోకాలు చూడు" అంది మోతీబాయి.

అంతలో కిరాణా కొట్టుకు వెళ్లిన అరుణమ్మ ఉప్పు పొట్లం పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. వచ్చీ రాగానే కూతురిని పట్టుకుని ఘొల్లుమంది.

"చౌరస్తాల గోపాల్ గంత పెద్ద ఫ్లెక్సీ కట్టిండట, అందరు జెప్తుండ్రు. కన్నతల్లికన్న చెప్పవా బిడ్డా?"

"అమ్మా, గది తప్పు. నాకు సీటు రాలే. ఒట్టు."

అరుణమ్మ ఏడుపు ఆపేసింది. కూతురి నోటి మీద చెయ్యి పెట్టి, గడప వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "సమజైంది. దిష్టి తగుల్తదని దాస్తున్నవ్. తెలివైన పిల్లవు. గట్లనే చెప్పు అందరికి."

ఇక ఆ రోజు సుజన ఎన్నిసార్లు నిజం చెబితే అన్నిసార్లూ అదే జరిగింది. సీటు రాలేదంటే జనం ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఒట్టు పెడితే మెచ్చుకున్నారు. కోపంతో అరిస్తే, పెద్ద డాక్టర్లకు కోపం ఉండాల్సిందే అన్నారు. అరుణమ్మ ఎండుమిరపకాయలూ ఉప్పూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు ఇంటినిండా దగ్గు మొదలైంది. దగ్గిన వాళ్లంతా తిరిగి సుజన దగ్గరికే మందు కోసం వచ్చారు.

ఆమె గోపాల్‌కు ఫోన్ చేసింది.

"బావా, నేను అడిగింది కాయితం! గోడకు అంటించుకునేది!"

"ఇంట్ల గోడకు పెట్టుకుంటందుకు ఎవలన్న కొట్టిస్తరా సుజన?"

"సీటు రాలే బావా. వస్తదని రాసుకున్న."

"రాకముందే ఎవలన్న కొట్టిస్తరా? దునియాల ఉన్నదా?" అన్నాడు గోపాల్, బాగా నీరసంగా.

"తీసెయ్ బావా, నీకు దండం పెడ్త."

"ఇప్పుడెట్ల తీస్త? పెద్దమామ ఫోటో కట్టెకు చుట్టుకపోయింది. సగం మొకం, ఒక్క మీసమే కనబడ్తుంది. పొద్దటి సంది ఒకటే లొల్లి. ఇప్పుడు తీస్తె తన మీద కోపంతోనే తీసిన అనుకుంటడు. నన్ను బతకనియ్యడు."

పెద్దమామ అంటే పండరి అన్న విఠల్. సుజనకు పెద్దబాపు. నీట్ రోజున ఆమెను బండి మీద పరీక్ష సెంటరుకు తీసుకెళ్లింది ఆయనే, గేటు బయట మూడు గంటలు ఎండలో నిలబడిందీ ఆయనే. అలాంటి మనిషికి ఒక్క మీసమా? విఠల్ ఊరుకునే రకం కాదు. గోపాల్ ఫ్లెక్సీని తలదన్నే పని ఒకటి చెయ్యాలనుకున్నాడు. ట్రాక్టరు మాట్లాడాడు, డీజే మాట్లాడాడు, శాలువా కొన్నాడు. నాలుగింటికి ఇంటి నుంచి బస్టాండు చౌరస్తా దాకా ఊరేగింపు, ఫ్లెక్సీ ముందే సన్మానం అని అందరికీ చెప్పేశాడు.

మూడున్నరకు పండరి వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. వార్త ఆయనకు కాలువ గట్టు మీద తెలిసింది. నేరుగా వచ్చి కూతురి ముందు నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పొద్దుగాల గన్ని మాటలన్న. అప్పుడన్న చెప్తె అయిపోతుండె గద బిడ్డా."

"బాపూ, అసలు సంగతేందంటే…"

డీజే మొదలైంది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. పండరికి ఏమీ వినిపించలేదు. కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టాడు. సుజనకు గుండె చెరువైపోయింది. చెబితే ఈయన ఏమైపోతాడు? చెప్పకపోతే రేపు ఏమైపోతాడు? గడియారం మూడూ యాభై చూపించింది.

పరీక్ష రాయాలి. ఎక్కడ రాయాలి? ముందు గదిలో ఇరవై మంది ఆడవాళ్లున్నారు. ఆమె గదిలో మంచం మీద ఎవరో పిల్లాడిని పడుకోబెట్టారు. టేబుల్ మీద దూద్‌పేడాల డబ్బాలు. స్నానాల గది బయట వరుస. ఇంటా బయటా కలిపి ఖాళీగా ఉన్నది ఒక్కటే కుర్చీ. అది ట్రాక్టరు ట్రాలీ మీద, పూలదండలు చుట్టి, ఆమె కోసమే పెట్టిన కుర్చీ.

రేపు డిగ్రీలో చేరితే రోజూ ఆ చౌరస్తాలోంచే కాలేజీకి పోవాలి. పైన డాక్టర్ సుజన నవ్వుతుంటే కింద డిగ్రీ సుజన నడవాలి. మూడేళ్లు! ఆ తలపు రాగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ చేత పట్టుకుని గబగబా వెళ్లి ట్రాలీ ఎక్కి కుర్చీలో కూర్చుంది. జనం ఈలలు వేశారు, రంగునీళ్లు చల్లారు. విఠల్ మెడలో దండ వేశాడు. సరిగ్గా నాలుగు కొట్టింది. నలభై అయిదు ప్రశ్నలు, అరవై నిమిషాలు. ట్రాక్టరు కదిలింది. మొదటి ప్రశ్న వచ్చింది.

మొదటి ప్రశ్న రాసింది. రెండోది రాసింది. గుంతలో పడి బండి ఎగిరినప్పుడు మూడోదానికి వేలు తప్పు చోట పడింది. పళ్లు కొరుక్కుని నాలుగోది రాసింది. చెవుల్లో డీజే, కళ్లలో దండ, నెత్తిన రంగు. ఆమె తల మాత్రం పైకి లేవలేదు.

ట్రాలీలో ఆమె పక్కన హరనాథబాబు కూర్చున్నాడు. ఆయన వాళ్లది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, ఊరి చివర రైసుమిల్లు ఉంది. ఆయన కొడుకూ నీట్ కోసమే చదువుతున్నాడు, విజయవాడ హాస్టల్లో.

"ఏ కోచింగమ్మాయ్? రోజుకి ఎన్ని గంటలు? మా సాయికిరణ్ గాడికి నాలుగు ముక్కలు చెప్పమ్మా. వాడికి పుస్తకం ముందు కుదురుండదు" అని అడిగి, జవాబు రాకపోయేసరికి ఫోన్‌లోకి తొంగి చూశాడు. "ఇదేంటి! సీటొచ్చాక మళ్లీ పరీక్షేంటమ్మా?"

"అంకుల్, సీటు రాలే. ఇది రాసి వంద తెచ్చుకోకుంటె రేపు నన్ను డిగ్రీల ఏస్తరు. మీకు దండం పెడ్త, జర సప్పుడు చెయ్యకుండ్రి" అంది సుజన, తల ఎత్తకుండానే. ఆమె కంట్లోంచి ఒక చుక్క ఫోన్ మీద పడింది. తుడిచి ఏడో ప్రశ్నకు వెళ్లింది.

ఆ రోజంతా ఊరందరికీ చెప్పినా గోపాల్ తప్ప ఒక్కరూ నమ్మని మాటను హరనాథబాబు వెంటనే నమ్మాడు. కుదురులేని కొడుకున్న తండ్రి కదా. ఆయన కదిలే ట్రాలీలోంచి దూకి, ముందు నడుస్తున్న పండరి చొక్కా పట్టుకుని చెవిలో చెప్పాడు. పండరి వెనక్కి తిరిగి చూశాడు. పొద్దున తాను పది నిమిషాలు కూర్చోలేదన్న పిల్ల డీజే బాక్సుకు రెండు గజాల దూరంలో, ఊగే కుర్చీలో, రంగునీళ్లు కారుతుంటే కూడా కదలకుండా కూర్చుని ఉంది.

పండరి వెళ్లి డీజే వైరు పట్టి లాగేశాడు. ట్రాక్టరు అప్పటికి చౌరస్తా నడిమధ్యలో, ఫ్లెక్సీ కింద ఉంది.

"అందరు ఇనుండ్రి" అన్నాడు ట్రాలీ ఎక్కి. "మా బిడ్డకు సీటు రాలే. పొద్దటి సంది అది నిజమే చెప్తుంది, మనమే ఇంటలేం. కోపముంటె నన్ను తిట్టుండ్రి. ఐదు గొట్టినంక తిట్టుండ్రి. ఇప్పుడు పిల్ల పరీక్ష రాస్తుంది. ఇంక నలభై ఆరు నిమిషాలున్నయ్. ఎవలన్న సప్పుడు చేసిండ్రో, నేను మంచోన్ని కాదు."

చౌరస్తా చల్లబడిపోయింది. విఠల్ చేతిలో శాలువా చేతిలోనే ఉండిపోయింది. జనం అటూ ఇటూ చూసుకున్నారు. ఇంటికి పోదామంటే చెప్పుల చప్పుడవుతుందేమోనని ఎక్కడి వాళ్లు అక్కడే నిలబడ్డారు. విఠల్ మునివేళ్ల మీద నడిచొచ్చి, కళ్లకు అడ్డం పడుతున్న దండను సుజన మెడలోంచి తీసి తన మెడలో వేసుకున్నాడు.

పిట్లం నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు వెనకాల ఆగింది. డ్రైవరు హారన్ మీద చెయ్యి వెయ్యబోతే పదిమంది వేళ్లు పెదాల మీద పెట్టుకుని చూపించారు. ఆయన కిందికి దిగి, రంగులు పూసుకుని మౌనంగా నిలబడ్డ డెబ్బై మందిని చూసి బిత్తరపోయాడు.

"ఎవలన్న పోయిండ్రానే?" అని గుసగుసగా అడిగాడు.

"లేదన్నా. కెమిస్ట్రీ" అన్నాడు గోపాల్.

డ్రైవరుకు ఏమర్థమైందో గానీ వెళ్లి ఇంజను ఆపేశాడు. మద్నూర్ వైపు పోయే లారీ ఒకటి వచ్చి గట్టిగా హారన్ కొట్టింది. మోతీబాయి గంపలోంచి సొరకాయ తీసి పైకెత్తి చూపించింది. లారీ కూడా ఊరుకుంది. ముప్పయ్యో ప్రశ్న దగ్గర "నెట్ పోయింది" అంది సుజన, తల దించుకునే. వెంటనే హాట్‌స్పాట్ పెట్టిన పదకొండు ఫోన్లు గాలిలోకి లేచాయి. గోపాల్ ఫోన్ పట్టుకుని ఫ్లెక్సీ కట్టె సగం దాకా ఎక్కి, అక్కడే పెద్దమామ సగం మొహం పక్కన తన మొహం పెట్టుకుని వేలాడాడు. నెట్ వచ్చింది.

అయిదు కొట్టింది. సుజన ఫోన్ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. మార్కులు వచ్చాయి. తెరిచి చూసింది, మళ్లీ చూసింది.

"ఎంత?" అన్నాడు పండరి.

"తొంభై రెండు." సుజన ఫోన్ ఆయన వైపు తిప్పింది. "ఇరవై అయిదు ఒప్పు. ఎనిమిది తప్పు. రేపు డిగ్రీకి పోదాం బాపూ."

నలభై ఒకటి నుంచి తొంభై రెండు. చప్పట్లు కొట్టాలో ఓదార్చాలో తెలియక జనం పండరి వైపు చూశారు. పండరి వేళ్ల మీద లెక్క పెట్టుకుంటున్నాడు.

"ఒక్కదానికి ఎన్ని మార్కులు?"

"నాలుగు."

"ఇరవై అయిదు నాలుగులు ఎంత?"

"వంద. గని తప్పుకు ఒకటి లెక్కన ఎనిమిది కోసిండ్రు."

"వంద వచ్చినయా, లేదా?"

"వచ్చినయ్ బాపూ, గని కోసిండ్రు గద…"

"వచ్చినయంటె వచ్చినయ్!" పండరి తొడ చరిచి లేచాడు. "వాళ్లు కోస్తె నాకేంది? ప్రతి పంటకు నేను మిల్లుకు వంద బస్తాలు తోలుత. తరుగని, తాలని, తేమని ఎనిమిది బస్తాలు కోస్తరు. గంతమాత్రాన నేను వంద పండించలేదంటరా? ఎవలన్న అనుండ్రి చూస్త! ఏమంటరు హరనాథబాబు గారూ?"

చౌరస్తా మొత్తం హరనాథబాబు వైపు తిరిగింది. రైసుమిల్లాయన గొంతు సవరించుకుని, చెమట తుడుచుకుని, "పండినవి వందేనండీ. అందులో అనుమానమేముంది" అన్నాడు.

"వంద వచ్చినయ్!" అని విఠల్ అరిచాడు. శాలువా తీసి సుజన భుజాల మీద కప్పాడు. సీటు రాకముందే శాలువా ఏంటి పెద్దబాపూ అంటే, కొన్నది వాపస్ తీసుకోరు ఊకో అన్నాడు. డీజే మళ్లీ మోగింది. బస్సు డ్రైవరు రెండు స్టెప్పులు వేసి బస్సెక్కాడు. అరుణమ్మ కూతురిని కావలించుకుని ఏడ్చింది, ఈసారి సరైన కారణానికే. పండరి మాత్రం పక్కకు తిరిగి కండువాతో మొహం తుడుచుకుంటూ, "గంట సేపు. ఒక్కకాడ. తల ఎత్తలే" అని ఎవరితోనో కాక తనతోనే రెండుసార్లు అనుకున్నాడు.

మరునాడు పొద్దున ఎనిమిదింటికి, చౌరస్తాలో ఫ్లెక్సీ ఇంకా విప్పకముందే, డిగ్రీ కాలేజీ నుంచి పండరికి ఫోన్ వచ్చింది. చేరడానికి ఆ రోజే ఆఖరు అని చెప్పడానికి కాదు. కొత్తగా చేరిన పిల్లలకు చదువు మీద మనసు ఎలా నిలపాలో చెప్పడానికి డాక్టర్ సుజన గారు ముఖ్య అతిథిగా రాగలరా అని అడగడానికి.